ఫిల్టరులో దొరికిన ఆకుపచ్చ అంచు

బావా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. మీ నాన్న నీకూ, నువ్వు మన పెద్దోడికీ వదిలిన ట్రాక్టరు స్టార్టవుతోంది గానీ వెనక లిఫ్టు లేవడం లేదు. నాగలి నేలకు అతుక్కుపోయింది. ఈ రోజు బాగవకపోతే తుక్కుకి అమ్మేస్తానన్నాడు వాడు.

సాలూరు మేస్త్రి లిఫ్టు నూనె దించి ఫిల్టరు తీశాడు. దాన్నిండా గుడ్డపీలికలు.

"ఏటమ్మా ఇది? సీరముక్కతో వడగట్టి నూని పోసినోరెవులు?"

"మా ఆయనే. గంజి వార్చడం రాదు గానీ నూనె వడగట్టడం వచ్చు."

ఆకుపచ్చ అంచు చూడగానే గుర్తుపట్టాను. ఎప్పుడో ఇంట్లోంచి పోయిన నా నేత చీర. అది నీ చెల్లెలే ఎత్తుకుపోయిందని ఇరవై ఏళ్లు అన్నాను. నువ్వు పక్కనే కూర్చుని తలూపావు.

ఫిల్టరు కడిగి బిగించి, కొత్త నూనె పోశాక మీట లాగితే నాగలి మెల్లగా లేచింది. పెద్దోడు ఇక అమ్మడట.

నీ చెల్లెలికి ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాను. "ఇన్నాళ్లకి నమ్మినావేటి వదినా!" అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

ఆ పీలికలు రెండుసార్లు ఉతికాను. నూనె వాసన పోలేదు. మూడోసారి ఉతకలేదు.