పెట్టుడు చెయ్యి, ఎడమ చెయ్యి

భీమడోలు, మంగళవారం

పెట్టుడు చెయ్యి పిల్లలకు ఎలా అలవాటు చేయాలో ఈరోజు ఏలూరులో థెరపిస్టులకు శిక్షణ ఇచ్చారు. నా మనవరాలు స్నేహను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పారు. దానికి పుట్టుకతోనే కుడి మోచేతి కింద చెయ్యి లేదు.

అది రోజూ ఎన్ని నిమిషాలు ఆ చెయ్యి తొడుక్కుందో రాసిన నా పుస్తకం చూసి శిక్షకురాలు మెచ్చుకుంది. తర్వాత స్నేహను అడిగింది.

"అన్నం ఏ చేత్తో తింటావమ్మా?"

"పెట్టుడు చేత్తోనేనండి. ఎడం చెయ్యి పెడితే నాయనమ్మ ఊరుకోదండి. స్పూను జారిపోద్దండి. అందుకే బళ్ళో తిననండి."

"క్యారేజీ రోజూ ఖాళీగానే వస్తోంది కదే!" అన్నాను.

"కాకులకేస్తన్నాను నాయనమ్మా."

శిక్షకురాలు థెరపిస్టుల వైపు తిరిగింది. "పెట్టుడు చెయ్యి కంచం పట్టుకోడానికండి. తినడం ఉన్న చేత్తోనే. ఆ సంగతి ముందు ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పాలండి."

ఇంటికొచ్చాక కంచం పెట్టి, "ఎడమ చేత్తోనే తినవే" అన్నాను. అది చెయ్యి చాపి, నా ముఖం చూసి వెనక్కి తీసుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళాకే కంచం చప్పుడు వినిపించింది. పెరుగు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇవతలికి వస్తే తినడం ఆపేస్తుందేమోనని...