జరగని ఒక్క హోల్

శుక్రవారం, రాత్రి

మా ఫ్యాక్టరీలో కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే సీఎన్‌సీ మెషిన్ ఆపరేటర్ యాదగిరన్నను ఈ రోజు పనిలోంచి తీసేశారు. తప్పు నాది.

నేను కంప్యూటర్‌లో మోడల్ గీసిన మూత ప్లేటుకు చుట్టూ పన్నెండు హోల్స్. ఒక్కటి చేసి, ఫీచర్ ప్యాటర్న్‌తో దాని నకళ్లను చుట్టూ తిప్పి ఉంటే, దాన్ని మారిస్తే అన్నీ మారేవి. తొందరలో పన్నెండూ స్కెచ్‌లోనే విడివిడిగా గీసేశాను. కస్టమర్ హోల్స్ వలయాన్ని పెద్దది చేయమన్నాడు. కొలత మారిస్తే పదకొండు జరిగాయి, ఒకటి పాత చోటే ఉండిపోయింది. నేను చూసుకోలేదు.

యాదగిరన్న చూశాడు. మొన్న పొద్దున మెషిన్ దగ్గర్నుంచి ఫోన్ చేశాడు.

"మేడం, గీ ఒక్క హోల్ జర లోపలికున్నట్టుంది. ఒక్కసారి సూడరాదు?"

"మోడల్‌ల ఎట్లుంటే గట్లనే కొట్టన్నా," అన్నాను. ఫైలు తెరవనే లేదు.

ప్లేట్లన్నీ తుక్కయ్యాయి. ఈ రోజు మేనేజర్ అందరి ముందూ యాదగిరన్న మీద అరిచాడు: "ప్రోగ్రాంల ఏలు వెట్టినవ్ గదా? ఎవరిని అడిగి మార్చినవ్?"

యాదగిరన్న ఫోన్ సంగతి ఎత్తలేదు. నా వైపు ఒకసారి చూశాడు, నేనే చెబుతాననుకున్నాడేమో. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. తల దించుకున్నాను. ఆయన టిఫిన్ డబ్బా తీసుకుని చెంగిచెర్ల ఆటో ఎక్కేశాడు.

తర్వాత స్కెచ్ తీసేసి, ఫీచర్ ప్యాటర్న్‌తో మోడల్ మళ్లీ కట్టాను. ఇప్పుడు హోల్స్ అన్నీ కలిసి కదులుతున్నాయి. పాత ఫైలు మీదే సేవ్ చేశాను, పాతది చెరిగిపోయింది.

ఆయన తప్పు లేదని చూపించే సాక్ష్యం ఆ పాత ఫైలొక్కటే. సేవ్ నొక్కేటప్పుడు ఆ సంగతి నాకు తెలుసు...