మగ్గం గుంత

వేలూరు, ఆదివారం

ప్రియమైన రాజాంబాళ్‌కు,

నీకక్కడ సిగ్నల్ అందదు కాబట్టి ఈ ఉత్తరం పాలవ్యాను బలరామయ్య చేతికిస్తున్నాను. పళ్ళికొండ వేలాయుధం మన రెండెకరాలు కొంటానన్నాడు. వచ్చే సోమవారం రిజిస్ట్రేషన్. మీ నాన్న పసుపు కుంకుమ కింద నీకిచ్చిన భూమి, సంతకం నీదే. అక్కడ కరెంటు లేదు, సరైన దారి లేదు, రెండు బోర్లు వేస్తే దుమ్మే వచ్చింది. అమ్మేసి ఇక్కడే ఇల్లు చూసుకుందాం. నేను ఆసుపత్రి కాపలా గదిలో, నువ్వు కొండ కింద రేకుల షెడ్డులో. ఇదేం కాపురం?

నీ మావ,
దేవేంద్రన్

కొండ కింద, మంగళవారం

ప్రియమైన మావకు,

గుడియాత్తంలో అద్దె ఇల్లు ఖాళీ చేయించినప్పటి నుంచి నా మగ్గం అక్క ఇంటి అటక మీద ముక్కలుగా పడి ఉంది. చేమగ్గానికి కరెంటెందుకు? కాళ్లు పెట్టుకునే గుంత చాలు. షెడ్డులో తవ్వడం మొదలుపెట్టాను. దూరం పోయి నీళ్లు మోసుకొచ్చేసరికి నీ వేలాయుధం ఆ గుంతలో దిగి మట్టి పిసికి చూస్తున్నాడు. "ఈ గుంత నీకెందుకమ్మా, పూడ్చేయ్, తేళ్లు జేరతాయి" అన్నాడు. నా మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో! నేను సంతకం పెట్టను.

నీ రాజాంబాళ్

వేలూరు, బుధవారం

ప్రియమైన రాజాంబాళ్‌కు,

వేలాయుధం సోమవారం దాకా ఆగడట. శుక్రవారమే కారులో వస్తాం. గుంత పూడ్చమని మళ్లీ మళ్లీ చెప్పాడు. మొండికేయకు. ఆ నేలలో గుక్కెడు నీళ్లు చూపించు, ఉద్యోగం మానేసి నేనే వచ్చేస్తాను. లేదంటే సంతకం పెట్టు. నాకు ఒంటరిగా ఉండి విసుగొచ్చింది.

దేవేంద్రన్

కొండ కింద, గురువారం

ప్రియమైన మావా,

నిన్న నడుము లోతు తవ్వాను. పొద్దున చూస్తే గుంతలో మోకాలి వరకు నీళ్లు. తోడి పోస్తే మళ్లీ ఊరాయి, ఈ ఎండల్లో! బోర్లకు అందని కొండ ఊట పైపైనే పోతోంది. బలరామయ్య తాగి చూసి "తియ్యగా ఉండాయమ్మా" అన్నాడు. వేలాయుధం తొందరెందుకో ఇప్పుడు తెలిసిందా?

తడి గుంతలో మగ్గం నిలవదు, నూలు కుళ్లిపోతుంది. షెడ్డులో ఇంకో మూల తవ్వాను, అక్కడా చెమ్మే. మనకున్న కప్పు ఈ షెడ్డొక్కటే. మగ్గాన్ని ఎవరికైనా ఇచ్చేయమని అక్కకు చెప్పు. ఈ మాట రాసేముందు ఏడ్చాను.

రేపు కారు ఎక్కొద్దు. నీ యూనిఫాం ఆసుపత్రిలో అప్పజెప్పి, పాలవ్యానులో ఒక్కడివే రా. నేను నా మగ్గం వదులుకున్నాను. నువ్వు నీ మాట నిలబెట్టుకో.

ఎదురుచూస్తూ,
రాజాంబాళ్