ఎవ్వరికీ చెప్పనన్న మాట

పెద్దమ్మా,

నువ్వు పోయినంక నేను మల్ల సదువుల పడ్డ. ఇన్నేండ్లు సైకాలజిస్టుగా చేసి, ఇప్పుడు ఫోరెన్సిక్ సైకాలజీల పీజీ. కేసుల పడ్డోళ్లతోని మాట్లాడి, వాళ్ల మనసు సంగతి కోర్టుకు రాసిచ్చే పని.

ఇయ్యాల ప్రాక్టికల్ల ఫెయిలైన. తోటి స్టూడెంటే ముద్దాయి లెక్క కూసున్నది. ‘నువ్వు చెప్పేది కోర్టుకు పోతది’ అని ముందుగాల చెప్పాలె, అదే మొదటి రూల్. ఆమె ఏడుపు మొఖం పెట్టంగనే నా నోట్లకెళ్లి ఏమొచ్చిందో తెల్సా? ‘నాకు చెప్పు, ఎవ్వరికీ చెప్ప.’ మేడమ్ ఆడ్నే ఆపింది. ‘ఇది కౌన్సెలింగ్ కాదమ్మా, గిట్లంటే వాళ్లను మోసం చేసినట్టే’ అన్నది. ఆమె అన్నది నిజమే, గందుకే ఇంకా మండుతున్నది.

‘ఎవ్వరికీ చెప్ప’ అన్నది నీ మాటనే పెద్దమ్మా. నీ కుట్టుమిషన్ కాడ జాకెట్ కొలతలిచ్చుకుంట ఆడోళ్లు ఏడ్సిపోయేటోళ్లు. ఒక్కరి ముచ్చట గూడ నువ్వు బయట పడనియ్యలే.

ఉప్పల్ల ఆటో ఎక్కి నాచారం వచ్చేసరికి నీ షాపు కనవడ్డది. ఇప్పుడండ్ల కర్రీ పాయింట్ పెట్టిన్రు. నీ మీదనే కోపమొచ్చింది. అందరియి దాసినవ్, సరే. నీ కడుపుల గడ్డ సంగతి నాకైనా చెప్పకపోతివి. మనసులున్నది చెప్పిచ్చుడే నా పని. పక్క గదిలనే ఉంటి గద పెద్దమ్మా!