పసరు తాగిన సైన్సు టీచరు

డాక్టర్ సుహాసిని గారికి,

హుజూర్‌నగర్ నుంచి మీ పేషెంటు నమస్కారాలు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఐదేళ్లు మింగమని మీరిచ్చిన గోలీలు నెల రోజులుగా మానేశాను. ఒంట్లో సెగలు, కీళ్ల నొప్పులు భరించలేక పసరు మందు తాగుతున్నాను. ఇరవై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పిన మనిషిని! ఎవరైనా గుర్తుపడతారని ముఖానికి స్కార్ఫ్ కట్టుకొని పసరు పోసే ఆమె ఇంటికి వెళ్లాను. అక్కడ వరుసలో నా ముందు మా హెడ్‌మాస్టరు గారే ఉన్నారు. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టే కూర్చున్నాం.

నిన్న మందిచ్చే బిక్షమ్మకు గోలీలు మానేసిన సంగతి గొప్పగా చెప్పాను. ఆమె నా చేతిలో సీసా లాక్కుంది.

"గోలీలు బంద్ జెయ్యుమని నేను జెప్పిన్నా? నా పసరు నొప్పులకే గాని గా రోగానికి గాదు. మా చెల్లె గిట్లనే దవాఖాన మందులు ఇడిసిపెట్టి సచ్చిపోయింది. పో, ముందుగాల మీ డాక్టరమ్మకు చెప్పు!" అని అందరి ముందూ తిట్టింది.

అందుకే ఈ ఉత్తరం. గోలీలు ఈ ఉదయం మళ్లీ మొదలుపెట్టాను. పరీక్షలేమైనా చేయించాలా?

పోయినసారి ఎలా ఉందని మీరడిగితే "మంచిగున్న మేడం" అన్నాను. నిజానికి ఆ రోజు మీ ఆస్పత్రి మెట్లెక్కలేక రెండుసార్లు కూర్చున్నాను. మీ దగ్గర మంచి మార్కులు కొట్టేయాలని అబద్ధమాడాను. దయచేసి ఇంకోసారి అడగండి.

ఇట్లు,
మీ మొండి విద్యార్థిని