చీలమండ కొలత

నా గుండుసూదీ,

అమ్మ దీవెనలు. నీ ఉత్తరం అందింది. ఫోనులో నువ్వు చెప్పేది నాకు సగమే వినబడుతుంది, మిగతా సగం నేనే ఊహించుకుని ఏడుస్తాను, కాబట్టి కాగితం మీదే రాయి. నా మోకాళ్ళు బస్సు మెట్టు ఎక్కనిస్తే నేనే వచ్చి ఆస్పత్రిలో నీ పక్కన కూర్చునేదాన్ని.

నీ గుండె మీదికి కిరణాలు పంపిస్తారని రాశావు. కత్తి పెట్టరట, కుట్టు వేయరట. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కుతున్నదాన్ని, పాడైనదాన్ని కుట్టు లేకుండా బాగుచేస్తామంటే ఎలా నమ్మేది? పైగా ఇదింకా పరీక్షించి చూస్తున్న వైద్యమట, నువ్వు ఏడో మనిషివట. ముందు ఆరుగురూ ఎలా ఉన్నారో ఒక్క ముక్క రాయలేదేం?

అన్నిటికంటే నీ ఒంటికి అచ్చు తీశారని రాశావే, అది దేనికి? కొలత తీశారంటే ఏదో తయారవుతోందన్నమాట. మీ అన్నయ్యని ఇంటికి తెచ్చిన పెట్టెకి కొలత తీసినవాడు కూడా తెల్లకోటే వేసుకున్నాడు. నాకు మంచిగా అనిపించడం లేదు. లేచి వచ్చెయ్.

ఇట్లు,
మీ అమ్మ

తా.క. నీ ఉత్తరాన్ని రెండు రోజులు దండెం మీద ఎండలో ఆరేసి, ఆ తర్వాత కత్తెరతో పట్టుకుని చదివాను. అలా చేస్తే కిరణాలు పోతాయని పక్క కొట్టు గడియారాలాయన చెప్పాడు.

*

అమ్మకి,

నమస్కారాలు. వైద్యం ఇంకా మొదలే పెట్టలేదమ్మా. నీ దండేనికి వచ్చిన ప్రమాదమేమీ లేదు.

నా గుండె రక్తాన్ని తోయాల్సినంత తోయలేకపోతోంది. అన్నయ్యకి వచ్చిందే. ఉన్న మందులన్నీ వాడి చూశారు, అవి చాలడం లేదు, అందుకే దీనికి ఒప్పుకున్నాను. ఆ అచ్చు పెట్టె కోసం కాదు. అదొక సంచి, లోపల చిన్న చిన్న పూసలుంటాయి. నేను పడుకోగానే అందులోని గాలి లాగేస్తారు. నా వీపు ఎలా ఉందో అలా గట్టిపడిపోతుంది. కిరణాలు వేసే రోజున మళ్ళీ అందులోనే పడుకుంటే వెంట్రుకవాసి కూడా కదలను. గుండెకి తగలాల్సింది గుండెకే తగులుతుంది.

ఆరుగురూ బతికే ఉన్నారు. ఒకాయనకి ఏ తేడా లేదట. ఒకావిడ నిన్న వచ్చి నా మంచం మీద కూర్చుని వాళ్ళ కోడలి మీద గంటసేపు ఆగకుండా చాడీలు చెప్పింది. అంత ఊపిరి చూస్తే నాకు ఆశ పుట్టింది.

నీ
గుండుసూది

తా.క. ఇంకో మూడు వారాలకి, శుక్రవారం నాడు. లేచి రాను.

*

నా గుండుసూదీ,

దీవెనలు. సంచి సంగతి అర్థమైంది, ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. కొలత ఒకరోజు తీసి కుట్టు ఇంకోరోజు వేస్తే మనిషి ఆ మనిషే ఉంటుందా? మన కొట్టులో ఎన్ని జాకెట్లు విప్పి మళ్ళీ కుట్టలేదు నేను? అందుకని శుక్రవారం దాకా నువ్వు లావెక్కొద్దు, చిక్కొద్దు. ఉన్నదానివి ఉన్నట్టే ఉండు.

ఈ కవరులో నా టేపు పెట్టాను. రోజూ పొద్దున్నే నడుము, పిక్క, చీలమండ కొలిచి రాయి. నడుము మర్చిపోతే పోనీ, చీలమండ మర్చిపోకు. ఎందుకని అడగకు.

ఇట్లు,
మీ అమ్మ

తా.క. ఆ కిరణాలకి నీ చేతి గడియారం ఆగిపోతే ఊరికే బాగుచేస్తానని గడియారాలాయన అన్నాడు. ఆగితే బాగుండునని చూస్తున్నట్టున్నాడు.

*

అమ్మకి,

చీలమండ సోమవారం పదకొండు అంగుళాలు, మంగళవారం పదకొండు, బుధవారం పదిన్నర.

ఇక నేను అడిగేదానికి నువ్వు జవాబు చెప్పు. అన్నయ్యకి ఆఖరున తొడిగిన బట్టలు నువ్వే కుట్టావు. తలుపేసుకుని కుట్టావు, మిషను చప్పుడు నేను బయట నుంచి విన్నాను. ఇప్పుడు నా కొలతలు రోజూ కావాలంటున్నావు, ఎందుకని అడగొద్దంటున్నావు. నాకు కూడా గుడ్డ తీసేశావా? కుడుతుంటే ఆపెయ్యి.

ఇంతకీ ఏ రంగు?

నీ
గుండుసూది

తా.క. నర్సు ఈ టేపు చూసి, "మీ అమ్మగారికి ఇవన్నీ ఎందుకండీ?" అంది. నవ్వుతూ టేపు చుట్టేశాను. నవ్వు సరిగ్గా రాలేదు.

*

నా గుండుసూదీ,

నీ ఉత్తరం ఇంకా దండెం మీదే ఉంది. వైద్యం మొదలవలేదన్నావు గానీ ఆ యంత్రం ఉన్న ఆస్పత్రిలోనే కదా ఉంటున్నావు. మధ్యలో క్లిప్పులు పెట్టి మడతేశాను కాబట్టి పై వరసా, నీ సంతకం మీది వరసా మాత్రం కనబడుతున్నాయి. ఆ పదిన్నర చూసి ఆగలేక రాస్తున్నాను. పదకొండు పదిన్నర అయిందని వెంటనే డాక్టరుగారికి చెప్పు. ఆయన కొట్టిపారేస్తే టేపు చూపించు.

రంగు అడిగావు. నీకిష్టమైన నీలమే. మంచి గుడ్డ దొరికింది. కొలతలు తేలగానే మొదలుపెడతాను.

ఇట్లు,
మీ అమ్మ

తా.క. గుడ్డ గడియారాలాయనకి చూపించాను. నీకు బాగా నప్పుతుందన్నాడు.

*

అమ్మకి,

నీలం రంగని చదివి నీ ఉత్తరాన్ని దిండు కింద పెట్టేశాను. అయినా నువ్వు చెప్పినట్టు డాక్టరుగారికి టేపు చూపించాను. ఆయన నవ్వబోయి ఆగిపోయి, నన్ను ఆ సంచిలో పడుకోబెట్టి చూశారు. పక్కన రెండు వేళ్ళు దూరాయి. మందులకి ఒంట్లో నీరు తగ్గిందట. అది మంచిదేగానీ సంచి వదులైపోయింది. రోజూ బరువు చూస్తున్నారు, సంచి సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. కొత్త అచ్చు తీసి, కిరణాలు శుక్రవారం మానేసి మంగళవారం వేశారు.

ఒక్కసారే, పది నిమిషాలు. యంత్రం నా చుట్టూ తిరిగింది. నొప్పి లేదు. నీలం గుడ్డ గురించే ఆలోచిస్తూ కదలకుండా పడుకున్నాను. ఇవాళ వరండా చివరిదాకా ఆగకుండా నడిచాను. అది మందుల వల్లో కిరణాల వల్లో కొన్ని నెలలు పోతేగానీ చెప్పలేమన్నారు.

నీ
గుండుసూది

తా.క. గడియారం ఆగలేదు. ఆయన్ని ఓదార్చు. నువ్వు మాత్రం నిజం చెప్పు, ఆ నీలం గుడ్డ ఎందుకు?

*

నా గుండుసూదీ,

అంకెలు చూశాను కదా అని దండెం మీదే వదిలేసిన ఉత్తరాన్ని, నీ కొత్తది చదివాక ఇవాళ తీసి మొత్తం చదివాను. ఎంత మాట అనుకున్నావే పిల్లా. అది నువ్వు ఇంటికొచ్చే రోజు వేసుకోవడానికి. ఇంకా కత్తెర పెట్టలేదు.

నిజం అడిగావు కదా. మీ అన్నయ్య ప్యాంటు అడుగున బిగుసుకుంటోందన్నాడు. వదులు చేశాను. నెల తిరక్కుండా మళ్ళీ అన్నాడు. మళ్ళీ వదులు చేశాను. మూడోసారికి లోపల గుడ్డ అయిపోతే పక్కన పట్టీ అతికించాను. నా వంట వాడికి ఒంటపట్టిందని సంబరపడ్డాను. అది నీరని నాకు తెలియదు. వాడి చీలమండ తొమ్మిది, పది, పదకొండు అని కొలతల పుస్తకంలో తారీకులతో సహా నా చేత్తోనే రాసి పెట్టాను. డాక్టరు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ పేజీ ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

అందుకని నీ చీలమండ అడిగాను. ఈసారి అంకె మారితే వదులు చేసి ఊరుకోకూడదనుకున్నాను. ఎందుకని అడుగుతావని భయపడ్డాను.

చీలమండ కొలవడం మాత్రం మానకు. పెరిగితే ముందు డాక్టరుగారికి చెప్పు, తర్వాత నాకు.

ఇట్లు,
మీ అమ్మ

తా.క. నీ కొత్త ఉత్తరం నుంచి దండెం మానేశాను. నీ కాగితం చేత్తోనే పట్టుకుని చదివాను, ఏమీ కాలేదు. ఇక ఆ సంచితో పని లేదు కాబట్టి నీ కొలత మారినా నష్టం లేదు. నీలం గుడ్డకి పక్కల రెండేసి అంగుళాలు లోపల వదిలి కుడతాను, ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు. ఉప్పు వాళ్ళు చెప్పినంతే వేసుకో. బాగా తిను.