పరిగెత్తే కోడి పాఠం

శుక్రవారం, మధ్యాహ్నం

పూజ్యులైన నాన్నగారికి,

పక్క గదిలోంచి మీ చిన్నమ్మాయి నమస్కరించి రాయునది. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేంటని నవ్వకండి. నోటితో చెబితే మొదటి మాటకే సరేలే, తెలుసులే అంటారు. కాగితం నోరు మీరు మూయించలేరు.

డిగ్రీ చేసిన పిల్ల పనీపాటా లేక కుక్కకి పాఠాలు చెబుతోందని మీరనుకున్నారు. నాకు తన కోళ్ళకన్నా కుక్కే ఎక్కువని అమ్మ అనుకుంది. రెండూ తప్పే. సోమవారం నేను ఉద్యోగంలో చేరాలి. హాస్టల్లో కుక్కని రానివ్వరు. నేను లేని ఇంట్లో మన కుక్క బుడ్డోడూ, అమ్మ కోళ్ళూ ఒకే పెరట్లో బతకాలి. అందుకే ఆ పాఠాలు. ఇల్లు వదల్లేక సాకులు వెతుకుతున్నానని పెద్దమ్మతో అన్నారట. నిశ్చింతగా వదిలి వెళ్ళడానికే నాన్నా, ఆ తిప్పలన్నీ.

మొదట వాణ్ణి గొలుసుతో కోళ్ళ వలకి దూరంగా కూర్చోబెట్టాను. చెవులు నిక్కబొడుచుకునేవి, చొంగ తాడులా కారేది. కోళ్ళ మీంచి చూపు తిప్పి నా మొహం చూసినప్పుడల్లా ఉడికిన గుడ్డు ముక్క పెట్టాను. కోడిని తినకుండా ఉండడానికి కోడిగుడ్డు లంచమా, వీడు కుక్కా, ఆఫీసరా అని అమ్మ నవ్వింది. నవ్వుతూనే రోజూ గుడ్డు ఉడకబెట్టిందీ తనే. కొంచెం కొంచెంగా దగ్గరికి జరిగాం. పోయిన వారం బొల్లి పెట్ట వాడి ముక్కు ముందు నుంచే నడిచి వెళ్ళింది. వాడు ఒళ్ళంతా వణుకుతూ తల తెచ్చి నా ఒళ్ళో దాచుకున్నాడు. పట్టా చేతికొచ్చినప్పుడు కూడా నేనంత సంతోషపడలేదు.

కానీ మేం నడిచే కోడి దాకానే వచ్చాం. పరిగెత్తే కోడి పాఠం ఇంకా మొదలే కాలేదు. రెక్కలు కొట్టుకుంటూ పారిపోయేదాన్ని చూసి ఆగడమే కుక్కకి అన్నిటికన్నా కష్టం.

నిన్న నేను బజారు నుంచి వచ్చేసరికి బొల్లి పెట్ట చచ్చిపోయి ఉంది. దాన్ని మీరు వాడి మెడకి కట్టారు. బుద్ధొస్తుందన్నారు. ఏం బుద్ధొచ్చిందో ఒక్కసారి చూశారా? నీళ్ళ తొట్టి వెనక నక్కి, అన్నం పెట్టబోయిన అమ్మ చేతిని చూసి ఉచ్చ పోసుకుంటున్నాడు. నేను పిలిచినా గోడవైపే చూస్తున్నాడు. రేపొద్దున బండివాడొచ్చి వాణ్ణి ఊరవతల వదిలేస్తాడట. గొలుసు ఎవరు విప్పారని అడిగితే వాడే తెంపుకున్నాడన్నారు. గొలుసు ఎక్కడా తెగలేదు నాన్నా, కొక్కెం తీసి ఉంది. బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను. మీరు పేపరు పేజీ తిప్పారు.

ఇంకెవరితో చెప్పుకోను?

ఇట్లు,
పక్క గదిలో ఉన్న
మీ చిన్నమ్మాయి

తా.క. పక్కింటి టైలర్ బాబాయి ఇప్పుడే గోడ మీంచి అంతా చెప్పాడు. నిన్న మీరే పిలిచారట ఆయన్ని. నువ్వు నీ కొడుక్కే చదువు చెప్పించలేకపోయావు, మా అమ్మాయి కుక్కకి చెప్పిందిరా, వచ్చి చూడు అన్నారట. గొలుసు విప్పి, గుప్పెడు గింజలు విసిరారట. కోళ్ళన్నీ ఒక్కసారిగా ఎగబడి పరిగెత్తాయట. నా గురించి మీరు గొప్పగా చెప్పుకోవడం ఇదే మొదటిసారి, అదీ నేను ఇంట్లో లేనప్పుడు. బాబాయి ముందు పోయిన పరువుని వాడి మెడకి కట్టారు.

హాస్టలు వద్దని, కుక్కని రానిచ్చే గది చూసుకుంటానని ఫోన్ చేసి చెప్పేశాను. సాయంత్రానికి ఆటో మాట్లాడుకున్నాను. బుడ్డోడు నాతో వస్తున్నాడు.